స్ట్రట్ బార్ వేయిస్తే బండి మారుతుందా, మనకే అలా అనిపిస్తుందా?

వారధి_రైడర్ (తాడేపల్లి), ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నాది 2016 స్విఫ్ట్ పెట్రోలు, 71 వేలు తిరిగింది. రోజూ తాడేపల్లి నుంచి ఆటోనగర్ వెళ్ళి రావడం, నెలకో ఆదివారం కొండవీడు ఘాట్ ఎక్కి దిగడం, ఇదే దాని పని. ఈ మధ్య మలుపుల్లో ముందుభాగం బద్ధకిస్తోంది. స్టీరింగ్ తిప్పాక బండి ఒక్క క్షణం ఆలోచించుకుని అప్పుడు తిరుగుతున్నట్టుంది.

మొన్న ఒక యాక్సెసరీస్ షాపులో అడిగితే బానెట్ తెరిచి చూసి "బాడీ లూజైపోయింది సార్, స్ట్రట్ బార్ వేస్తే టైట్ అయిపోతుంది" అన్నాడు. (బానెట్ కింద రెండు పక్కలా షాక్ అబ్జార్బర్లు బిగించే టవర్లను కలుపుతూ అడ్డంగా వేసే కడ్డీ అది.) ముందు బార్ ఒక్కటే అయితే 6,500. ముందూ వెనకా కిందా కలిపి సెట్ అయితే 19 వేలు. మా బావమరిదికి కూడా ఇదే మోడల్ స్విఫ్ట్ ఉంది. మూడు నెలల కిందట ముందు బార్ వేయించాడు. "పట్టాల మీద రైలులా పోతోంది బావా" అంటాడు. నేనూ నడిపి చూశాను. నిజమే, నా బండికంటే చురుగ్గా తిరిగింది.

అయినా 19 వేలంటే ఊరికే వచ్చే డబ్బు కాదు కదా. వేయించినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. షాపువాళ్ళ మాటలు నాకు ఇప్పటికే కంఠతా వచ్చేశాయి.

మిర్చియార్డ్_మైలేజ్ (గుంటూరు), 9:31

"బాడీ లూజైపోయింది" అట! అదేమన్నా పంచెనా బ్రో, లూజైపోడానికి?

ముందు ఒక్క సంగతి చెప్పండి. మీ బావమరిది టైర్లు ఎప్పటివి, మీ టైర్లు ఎప్పటివి?

వారధి_రైడర్, 9:34

వాడు ఈ వేసవిలోనే నాలుగూ మార్చాడు. నావి... చూడాలి అన్నా.

మిర్చియార్డ్_మైలేజ్, 9:35

అయిపోయింది. జవాబు దొరికింది. అందరూ భోంచేసి పడుకోండి.

బెంజ్‌సర్కిల్_బాస్ (విజయవాడ), 9:58

ఎవరూ పడుకోవద్దు. వేయించనివాళ్ళు వేయించినవాళ్ళని వెక్కిరించడం ఇక్కడ అలవాటైపోయింది. నా ఐ20కి నాలుగు చోట్ల వేయించాను. ముందు టవర్ల మధ్య ఒకటి, వెనక ఒకటి, కింద రెండు. వేయించిన రోజు షాపు నుంచి రామవరప్పాడు రింగు దాకా వచ్చేసరికే తెలిసిపోయింది. బండే వేరు. రోడ్డు మీద లేన్ మారితే బండంతా ఒక్క ముక్కగా మారుతుంది. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు మునుపు వెనక భాగం ఊగేది, ఇప్పుడు లేదు. మైలేజీ కూడా కాస్త పెరిగింది.

రైడర్ బ్రో, కళ్ళు మూసుకుని వేయించేయండి.

మిర్చియార్డ్_మైలేజ్, 10:03

నాలుగు ఇనప కడ్డీలు మోస్తూ మైలేజీ పెరిగిందా! ఇంకో నాలుగు వేయించండి బాస్, పెట్రోలు బంకు వాడే మీకు ఎదురు డబ్బులిస్తాడు.

టార్క్‌రెంచి (గుంటూరు), 10:47

నేను కాలేజీలో ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవాణ్ణి, కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

మన చిన్న కార్లలో ముందు సస్పెన్షన్ దాదాపు అన్నిటికీ మాక్‌ఫర్సన్ స్ట్రటే. షాక్ అబ్జార్బర్ పైకొస బానెట్ కింద రెండు పక్కలా ఉండే టవర్లకు బిగించి ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు నేల టైరుని పక్కకు తోస్తుంది. ఆ తోపులో ఎక్కువ భాగం కింద లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) తీసుకుంటుంది, కొంత పైన టవరు మీద పడుతుంది. రెండు టవర్ల మధ్యా ఇంజినే ఉంటుంది గానీ వాటి పైకొసల్ని నేరుగా కలిపే అడ్డదూలం ఏదీ ఉండదు కాబట్టి టవరు పైకొస వెంట్రుకవాసి కదులుతుంది. అడ్డంగా కడ్డీ వేస్తే ఆ కదలిక తగ్గుతుంది. షాపువాడు చెప్పినదాంట్లో ఇంతవరకు నిజమే.

తేలాల్సింది ఏమిటంటే, ఆ కదలిక ఎంత, దాన్ని ఆపితే మనకు ఒరిగేది ఎంత.

ఇంట్లో అగ్గిపెట్టె ఉంటే తీసుకోండి. లోపలి డ్రాయరు బయటికి లాగి రెండు చేతులతో మెలితిప్పండి. కాగితంలా తిరిగిపోతుంది. దాన్నే పెట్టెలోకి తోసి మళ్ళీ మెలితిప్పండి, కష్టంగా ఉంటుంది. అట్ట మందం మారలేదు. చుట్టూ మూసుకుంది, అంతే. పైకప్పు ఉన్న కారు ఆ మూసిన పెట్టె లాంటిది. పైకప్పు లేని ఓపెన్ టాప్ కారు ఆ డ్రాయరు. అందుకే ఓపెన్ టాప్ కార్లకు కంపెనీలే కింద కడ్డీలు, అడ్డదూలాలు వేసి ఆ బలహీనత పూడుస్తాయి. 1999లో వచ్చిన హోండా ఎస్2000కి మధ్యలో ఎక్స్ ఆకారంలో గట్టి ఫ్రేము పెట్టింది ఇందుకే.

ఇప్పటి హ్యాచ్‌బ్యాక్ బాడీని ఒక డిగ్రీ మెలితిప్పాలంటే పదివేల న్యూటన్ మీటర్లకు (మెలితిప్పే బలానికి కొలత) పైనే కావాలి. అదే బండి తన స్ప్రింగుల మీద ఒక డిగ్రీ పక్కకు ఒరగడానికి అందులో దాదాపు పదో వంతు చాలు. అంటే మలుపులో మీకు తెలిసే మెత్తదనం స్ప్రింగులది, బుష్‌లది (కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు ముక్కలు), టైరు పక్కగోడది. బాడీ వంతు అన్నిటికంటే ఆఖరున వస్తుంది.

గుంటూరు నుంచి బెజవాడ వచ్చేటప్పుడు మీకు ఎక్కడ ఆలస్యమవుతుంది? కాజ టోల్ దగ్గర, వారధి మీద, బెంజ్ సర్కిల్ దగ్గర. మంగళగిరి దగ్గర హైవేకి ఇంకో లేను కలిపితే ఇంటికి ముందు చేరతారా? సామాన్యమైన బండికి బార్ వేయడం ఆ కొత్త లేను లాంటిది. లేను నిజమే, తారు నిజమే, ఖర్చూ నిజమే.

బెంజ్‌సర్కిల్_బాస్, 11:15

మాస్టారూ, లెక్కలు బాగున్నాయి. మరి ఉపయోగం లేకపోతే పెద్ద పెద్ద కంపెనీలు ఫ్యాక్టరీ నుంచే బార్ వేసి ఎందుకు పంపుతున్నాయి? బానెట్ తెరిస్తే బార్ ఉన్న కార్లు ఎన్ని లేవు? వాళ్ళ ఇంజినీర్లకి తెలీదంటారా?

టార్క్‌రెంచి, 11:32

తెలుసు, కాబట్టే అవసరమున్న బండికి వేస్తారు, లేనిదానికి వెయ్యరు. 1960లనాటి ఫోర్డ్ మస్టాంగ్‌లో ముందు టవర్లని వెనక గోడకు కట్టే బ్రేస్ అమెరికాలో అమ్మే మామూలు బండికి ఒక రకం, విదేశాలకు పంపే బండికి ఇంకా గట్టి రకం ఉండేది. బయటి దేశాల్లో రోడ్లు బాగోవని. దాని పేరే ఎక్స్‌పోర్ట్ బ్రేస్. అప్పటి బాడీకి ఆ అవసరం ఉంది.

మీ ఐ20 బాడీ తయారైంది ఆ కాలంలో కాదు. అతికిన చోట్ల స్పాట్ వెల్డింగులు, హై టెన్సైల్ స్టీలు, కంప్యూటర్లో ముందే లెక్కగట్టిన మందాలు. కంపెనీ ఇంజినీరుకి రెండు కిలోల కడ్డీతో బండి బాగుపడుతుందని తేలితే వేసేవాడే. వెయ్యలేదంటే ఆ ఖర్చు ఇంకెక్కడో పెట్టాడన్నమాట.

లేత్‌మిషన్ (ఆటోనగర్, విజయవాడ), సోమవారం ఉదయం 6:20

నాకు కార్ల సంగతి అంతగా తెలీదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడంలో ముప్ఫై ఏళ్ళు గడిచాయి. బాడీ గట్టిచేయడం అన్న మాట చూసి ఆగాను.

లారీ ఛాసీ అంటే సీ అక్షరం ఆకారంలో ఉండే రెండు పొడుగాటి ఇనప చానెళ్ళు, మధ్యలో అడ్డపట్టీలు. అది మెలితిరగాలి. తిరగాలనే చేస్తారు. పొలం గట్టు మీద ఒక చక్రం లేచినా మిగతా చక్రాలు నేల మీదే ఉండాలంటే ఛాసీ ఒంగాలి. అందుకే మేము బాడీని ఛాసీకి వెల్డింగ్ చెయ్యం. మధ్యలో చెక్క పెట్టి, యూ బోల్టులతో కడతాం. చెక్క కాస్త జరుగుతుంది, ఇనుము బతుకుతుంది.

ఒకసారి ఒక ఓనరు వినలేదు. బాడీ కిరకిరలాడుతోంది, గట్టిగా వెల్డింగ్ పెట్టించండి అన్నాడు. మేము పెట్టం అంటే ఇంకోచోట పెట్టించుకున్నాడు. నాలుగు నెలలకి వచ్చాడు. వెల్డింగ్ ఎక్కడ అయిపోయిందో సరిగ్గా ఆ అంచునే చానెల్ చీలింది.

కారుకి బార్ వేస్తే చీలుతుందని నేను అనడంలేదు. గట్టిచేస్తే మంచిదే కదా అని కళ్ళు మూసుకుని అనుకోవద్దు అంటున్నాను. ఆ బరువు ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో చూసుకోవాలి.

వారధి_రైడర్, 8:05

బాబాయ్ గారూ, రోజూ మీ వీధి మీదుగానే పోతాను, ఇన్నాళ్ళూ తెలియలేదు.

మిర్చియార్డ్_మైలేజ్, 8:40

బాబాయ్ పోస్టు చదివాక ఒక సంగతి గుర్తొచ్చింది. మా నాన్నగారి అంబాసిడర్‌కి అసలు ఛాసీ ఉండేది కాబట్టే అంత గట్టిగా ఉండేదని మా ఇంట్లో అందరూ అంటారు.

టార్క్‌రెంచి, 9:02

ఊరంతా అదే అంటారు. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్ లేదు. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బండి, బాడీయే ఛాసిస్. రేకు మందం చూసి జనం ఛాసిస్ ఉందనుకున్నారు. జిప్సీ, పాత జీపులు, వాటికైతే విడిగా ఉంటుంది.

మిర్చియార్డ్_మైలేజ్, 9:04

ఈ సంగతి మా నాన్నగారికి మాత్రం చెప్పను.

కొండవీడు_కార్నర్ (గుంటూరు), సోమవారం రాత్రి 8:15

ఇక్కడ బార్ వేయించి, తీసేసి, మళ్ళీ వేయించిన మనిషి ఒక్కరూ మాట్లాడలేదు, కాబట్టి నేను రాస్తున్నాను. నాది 2015 పోలో. అప్పుడప్పుడు కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్ పోటీలకు వెళ్తుంటాను. గెలిచిన కప్పుల గురించి అడగొద్దు.

మొదట అందరిలాగే నేనూ బార్‌తోనే మొదలుపెట్టాను. స్టాక్ టైర్లు, స్టాక్ షాక్స్ (అన్నీ కంపెనీ ఇచ్చినవే), పైన మెరిసే ఎర్ర బార్. బానెట్ తెరిస్తే తమ్ముళ్ళంతా ఫోటోలు తీసుకునేవాళ్ళు. గడియారంలో మాత్రం ఏమీ మారలేదు. అదే కోన్ల చుట్టూ అదే టైము. తర్వాతి ఏడాది మంచి టైర్లు వేశాను. టైము అప్పుడు తగ్గింది, ఎంతంటే నేనే రెండుసార్లు చూసుకున్నాను. ఆపైన గట్టి స్ప్రింగులు, కాయిలోవర్లు (స్ప్రింగూ షాకూ ఒకే సెట్‌గా ఉండేవి). అప్పుడు ఊరికే చూద్దామని బార్ తీసేసి నడిపాను. ఈసారి తేడా తెలిసింది! స్టీరింగ్ మధ్యలో ఉన్నప్పుడు వచ్చే ఆ ఖచ్చితత్వం కాస్త పోయింది. మళ్ళీ వేసేశాను.

మాస్టారు చెప్పిన లెక్క నాకు ఇప్పుడు అర్థమైంది. స్ప్రింగులు, టైర్లు గట్టిపడితే మిగిలిన మెత్తదనంలో బాడీ వాటా పెరుగుతుంది. అప్పుడు బార్‌కి పని దొరుకుతుంది. ఆఫీసుకు పోయే స్విఫ్ట్‌లో దానికి పని లేదు.

ఇంకోమాట. కొనేవాళ్ళు బార్ ఆకారం చూడండి. రెండు కొసలా ఒక్కో బోల్టు మీద తిరిగే మూడు ముక్కల బార్ ఒక్క తోపుడు, లాగుడు మాత్రమే ఆపగలదు. ఇంజిను తగలకుండా మధ్యలో వంపు తిప్పినవి ఇంకా దారుణం. వంకర కడ్డీని రెండు కొసలూ పట్టుకుని నొక్కితే ఒంగుతుందా, ఒంగదా? వంపు తిరిగిన బార్ అంటే పేరుకే బార్, నిజానికి స్ప్రింగే.

బెంజ్‌సర్కిల్_బాస్, 8:44

అక్కా, అంటే పనిచేస్తుందని మీరే ఒప్పుకున్నారుగా.

కొండవీడు_కార్నర్, 8:51

నా బండిలో, నా టైర్లతో, కోన్ల మధ్య. మీ బండిలో గన్నవరం ఎయిర్‌పోర్టుకి చుట్టాన్ని దింపడానికి వెళ్తూ కాదు తమ్ముడూ.

పాలసీ_పేపర్ (విజయవాడ), 9:20

నేను ఇన్సూరెన్స్ సర్వేల పనిలో ఉన్నాను. ఎవరూ అడగలేదు గానీ రెండు ముక్కలు.

బండి తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా మార్పులు చెయ్యకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించాక అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు అని వచ్చింది. ఉన్న నట్ల మీద బిగించి, మళ్ళీ విప్పేసే కడ్డీ వేరు, బాడీకి రంధ్రాలు వేసి, వెల్డింగ్ పెట్టి చేసే పని వేరు. రెండోది మాత్రం వద్దు. ఏది వేయించినా ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. తర్వాత వాదించుకోవడం నా అనుభవంలో ఎవరికీ కలిసిరాలేదు.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది. ముందు ఎడమ చక్రం డివైడరుకి గట్టిగా తగిలిందనుకోండి. బార్ లేకపోతే ఎడమ టవరు దెబ్బతింటుంది. బార్ ఉంటే ఆ దెబ్బ కడ్డీ పట్టుకుని కుడి టవరుకీ పోవచ్చు. అలా రెండు టవర్లూ జరిగిపోయిన బండి ఒకటి చూశాను. టింకరింగ్ బిల్లు రెట్టింపు.

మోడరేటర్, 9:41

చర్చ బాగుంది. బాస్ గారి మైలేజీ మీద జోకులు ఇక చాలు. (11 తీసేశాను.)

వారధి_రైడర్, బుధవారం రాత్రి 10:10

ఇన్ని మాటలు విన్నాక ఊరుకోలేకపోయాను. మా బావమరిది బండికి ఉన్న బార్ మూడు ముక్కల రకమే. రెండు పక్కలా ప్లేట్లు అలాగే ఉంచి, రెండు బోల్టులు విప్పితే మధ్య కడ్డీ రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తుంది. అంటే బార్ ఉన్నప్పుడు, లేనప్పుడు, అదే బండి, అవే టైర్లు, అదే డ్రైవరు. ఈ ఆదివారం చూసేద్దామనుకుంటున్నాను. వాడికి బార్ ఉందో లేదో చెప్పకుండా నడిపించాలని ప్లాను. వాడు పందెం కూడా కాశాడు, ఓడితే రెండు కుటుంబాలకీ బిర్యానీ.

ఎలా చేస్తే తప్పు రాదో చెప్పండి.

టార్క్‌రెంచి, 10:25

భలే! బార్ వేయాలా తీయాలా అన్నది మీరు నిర్ణయించొద్దు, రూపాయి బిళ్ళ ఎగరేయండి. ప్రతిసారీ బానెట్ తెరవండి, మార్చకపోయినా సరే. స్పీడు ఎక్కువ వద్దు, 40, 50 లోపు. జనం లేని చోట.

లేత్‌మిషన్, గురువారం ఉదయం 6:05

నా దగ్గర డయల్ గేజ్ ఉంది, నూరో వంతు మిల్లీమీటరు చూపిస్తుంది. శనివారం సాయంత్రం వచ్చి తీసుకుపో. టవరుకీ టవరుకీ మధ్య పెట్టడానికి పైపు ఒకటి కోసి ఉంచుతాను. కింద పడేస్తే మాత్రం కొత్తది కొనాలి.

వారధి_రైడర్, ఆదివారం సాయంత్రం 5:30

అయింది. పొద్దున్న ఐదున్నరకి ఇళ్ళింకా కట్టని ఒక లేఅవుట్‌కి వెళ్ళాం. రెండు రౌండు సర్కిళ్ళు, మధ్యలో తారు రోడ్డు, చివర రోడ్డుకి ఏటవాలుగా పోసిన ఒక దిక్కుమాలిన స్పీడు బ్రేకరు. దాన్ని అలా ఎవరు పోశారో గానీ ఇవాళ మాకు పనికొచ్చింది.

మొదట గేజ్. బాబాయ్ ఇచ్చిన పైపు రెండు టవర్ల మధ్యా ఆనించి, ఒక చివర గేజ్ పెట్టి, ఎడమ ముందు చక్రం జాకీతో నేల వదిలేదాకా లేపాం. బార్ లేనప్పుడు ముల్లు 0.38 మిల్లీమీటర్లు కదిలింది. బార్ బిగించి లేపితే 0.21. మూడుసార్లు చేశాం, కాస్త అటూ ఇటూ అంతే వచ్చింది. బావమరిది చప్పట్లు కొట్టి బిర్యానీకి ఫోన్ చెయ్యమన్నాడు.

తర్వాత నడపడం. వాణ్ణి ప్రతిసారీ కొంత దూరం పంపేసి, బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే బార్, బొరుసు పడితే ఖాళీ. మార్చినా మార్చకపోయినా పానాతో ఒకే రకంగా టకటక కొట్టాను. తీసిన బార్ డిక్కీలో పెడితే చప్పుడు చేస్తుందని గోనెసంచిలో చుట్టి చెట్టు కింద పెట్టాను, పైన నా చొక్కా కప్పి. వాడు వచ్చి రెండు సర్కిళ్ళూ తిరిగి, "ఉంది" అనో "లేదు" అనో చెప్పాలి.

పన్నెండుసార్లు తిరిగాడు. ఏడు సరిగ్గా చెప్పాడు, ఐదు తప్పు. "ఇదిగో, ఇది, ఒట్టేసి చెప్తాను, బార్ ఉంది" అని రెండుసార్లు అన్నాడు. రెండుసార్లూ బార్ చెట్టు కింద ఉంది.

తర్వాత వాడే అడిగాడు, స్పీడు బ్రేకరు మీద చూద్దాం బావా అని. ఏటవాలుగా ఉంది కదా, ముందు ఒక చక్రం ఎక్కి తర్వాత రెండోది ఎక్కుతుంది. ఆరుసార్లలో ఐదు కరెక్టుగా చెప్పాడు! ఎలా రా అంటే, బార్ లేనప్పుడు డ్యాష్‌బోర్డు ఎడమ మూల కిరకిరమంటోందట. నేనూ కూర్చుని విన్నాను. నిజమే, చాలా సన్నగా.

కొండవీడు_కార్నర్, 5:48

చొక్కా కప్పిన భాగం చదివి ఇంట్లో అందరికీ వినిపించాను.

టార్క్‌రెంచి, 6:30

చాలా బాగా చేశారు. మా విద్యార్థులు కూడా ఇంత జాగ్రత్తగా చేసేవాళ్ళు కాదు.

పన్నెండులో ఏడు అంటే, ఊరికే బిళ్ళ ఎగరేసి చెప్పినా నూటికి 39 సార్లు అంతో అంతకంటే ఎక్కువో వస్తుంది. కాబట్టి సర్కిళ్ళ దగ్గర మీ బావమరిదికి ఏమీ తెలియలేదనే అనుకోవాలి. ఆరులో ఐదు మాత్రం ఊరికే వచ్చే అవకాశం నూటికి 11. ఇంకో పదిసార్లు చేస్తే గట్టిగా చెప్పొచ్చు గానీ, కిరకిర మీరూ విన్నారు కాబట్టి నేను నమ్ముతాను.

గేజ్ సంగతి. జాకీతో లేపడం, మలుపు తిరగడం ఒకటి కాదు, అయినా బార్ పనిచేస్తోందని చూపించింది. 0.17 మిల్లీమీటర్లు తగ్గించింది. పోస్టుకార్డు మందం కూడా లేదు. అదే మలుపులో టైరు పక్కగోడ ఒంగేది మిల్లీమీటర్ల లెక్కన. బుష్ అరిగితే అదీ అంతే. కాజ దగ్గర బారులు తీరిన లారీలు అవీ.

బెంజ్‌సర్కిల్_బాస్, 7:15

0.38 నుంచి 0.21 అంటే దాదాపు సగానికి తగ్గినట్టు! అదీ ఒక్క బార్‌తో. నావి నాలుగు. ఇంక మీరు ఏం చెప్పినా నేను తియ్యను.

మిర్చియార్డ్_మైలేజ్, 7:22

తియ్యొద్దు బాస్. కిరకిర తగ్గడం కూడా సుఖమే. స్పీడు పెరిగిందనొద్దు, అంతే. బిర్యానీ ఎవరు కొన్నారు?

వారధి_రైడర్, 7:30

సగం సగం. సర్కిళ్ళలో వాడు ఓడాడు, స్పీడు బ్రేకరు దగ్గర నేను ఓడాను.

లేత్‌మిషన్, సోమవారం ఉదయం 6:12

గేజ్ ఇచ్చేటప్పుడు నీ బండి కూడా తీసుకురా. మా పక్క షెడ్డులో పిట్ ఉంది. కింద నుంచి చూద్దాం.

వారధి_రైడర్, గురువారం రాత్రి 9:50

బాబాయ్ గారి పక్క షెడ్డులో పిట్ మీద పెట్టి చూశాం. లోయర్ ఆర్మ్ వెనక బుష్ కుడివైపుది చిరిగిపోయి ఉంది. గడ్డపలుగు పెట్టి కాస్త వత్తితే చక్రం కళ్ళముందే వెనక్కి జరిగింది. ఎడమది చిరగలేదు గానీ రాయిలా ఎండిపోయింది. మెకానిక్ ఒక్క మాట అన్నాడు, "స్టీరింగ్ తిప్పగానే ముందు బుష్ ఒంగుతోంది, ఆ తర్వాతే బండి తిరుగుతోంది." నేను మొదటి పోస్టులో రాసిన ఆ "ఒక్క క్షణం ఆలోచించుకోవడం" అదేనన్నమాట. ఆలోచిస్తున్నది బాడీ కాదు, బుష్.

టైర్లు కూడా చూశాం. పక్కన 1918 అని అచ్చు ఉంది. అంటే 2018లో 19వ వారం. గాడి ఇంకా ఉంది కాబట్టి బాగున్నాయనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. గోరు పెట్టి నొక్కితే దిగడంలేదు. ఎండలో ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండి, ఇంకేమవుతుంది. బెజవాడ రోహిణి కార్తె రబ్బరుని వదిలిపెడుతుందా?

రెండువైపులా బుష్‌లు, లింక్ రాడ్లు, కూలీ, అలైన్‌మెంటు కలిపి 5,200 అయింది. బార్ కంటే తక్కువ. టైర్లు వచ్చే నెల జీతం పడ్డాక. ఇవాళ వారధి దిగి తాడేపల్లి మలుపు తిప్పితే స్టీరింగ్‌తో పాటే ముందుభాగం కదిలింది. మొదటి రోజు సంతోషం ఎవరికైనా ఉంటుంది కాబట్టి నెల తర్వాత మళ్ళీ రాస్తాను. (బావమరిదితో కళ్ళు మూసి పరీక్ష చేయించడానికి పాత బుష్‌లు మళ్ళీ వేయలేను కదా.)

కొండవీడు_కార్నర్, 10:05

అలైన్‌మెంటు చేశాక ప్రింటు ఇచ్చారా? బుష్‌లు మార్చాక వారం తిరిగి ఇంకోసారి చూపించుకోండి, కొత్త రబ్బరు కాస్త సర్దుకుంటుంది.

వారధి_రైడర్, 10:09

ఇచ్చారు అక్కా. పాత రీడింగులో కుడి చక్రం టో (చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఎర్ర రంగులో ఉంది. ఇప్పుడు అన్నీ పచ్చ. ఫోటో రేపు పెడతాను, ప్రింటు బండిలో ఉండిపోయింది.

బెంజ్‌సర్కిల్_బాస్, 10:31

బాబాయ్ గారూ, ఆ పిట్ ఉన్న షెడ్డు ఆదివారం తీసి ఉంటుందా? ఊరికే ఒకసారి కింద చూపిద్దామని.